తనిఖీ ఎవరి కోసం?

నర్సింగ్ హోమ్‌లో చేరే రోగి తన ప్రాణాన్ని ముగ్గురి చేతుల్లో పెడతాడు. చికిత్స చేసే వైద్యుడు ఒకరు. రాత్రంతా మేలుకొని కనిపెట్టుకుని ఉండవలసిన నర్సు మరొకరు. ఆ భవనం రోగులను ఉంచడానికి తగినదేనని సంతకం చేసిన ప్రభుత్వాధికారి మూడోవారు. మొదటి ఇద్దరి మంచిచెడ్డలను రోగి గాని, అతని బంధువులు గాని కొంతవరకైనా అంచనా వేయగలరు. మూడో వ్యక్తి ఎప్పుడు వచ్చాడో, ఏమి చూశాడో, ఏయే లోపాలు రాసుకుని వెళ్లాడో, వాటిని సరిదిద్దారో లేదో తెలుసుకునే మార్గం మన దేశంలో సామాన్యుడికి దాదాపుగా లేదు. తనిఖీ జరుగుతుంది, దస్త్రం తయారవుతుంది, బీరువాలోకి చేరుతుంది. ఎవరి ప్రాణాల కోసం ఈ తతంగమంతా జరిగిందో వారికి మాత్రం ఆ కాగితం కనిపించదు.

సూరత్ నగరంలోని కతర్‌గామ్ ఈ సమస్యను సాకల్యంగా పరిశీలించడానికి తగిన చోటు. వజ్రాలకు సానపట్టే కార్ఖానాలతో, చిన్న పరిశ్రమలతో, ఇరుకు వీధులతో కిటకిటలాడే శ్రామిక వాడ అది. చేసిన పనిని బట్టి కూలి లెక్కగట్టే ఇటువంటి బస్తీల్లో జబ్బుపడిన మనిషి ఒక పూట పని మానుకోవడమే కష్టం. దూరాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి వరుసలో నిలబడే బదులు, ఇంటికి దగ్గరగా, నాలుగైదు గదుల్లో నడిచే నర్సింగ్ హోమ్‌నే అతడు ఆశ్రయిస్తాడు. కింద దుకాణాలు, పైన కార్యాలయాలు, ఆ పై అంతస్తులో పడకలు ఉండడం మన నగరాలన్నింటా సర్వసాధారణమైపోయింది. సూరత్ మరమగ్గాల వాడల్లో తరతరాలుగా బతుకుతున్న తెలంగాణ నేత కుటుంబాల పరిస్థితీ ఇంతే.

వైద్యం తలుపులు మూసుకుంటే ఏమవుతుందో ఈ నగరానికి ఒకరు చెప్పనవసరం లేదు. 1994 సెప్టెంబరులో కతర్‌గామ్ పక్కనున్న వేడ్ రోడ్డు ప్రాంతంలో ప్లేగు కేసులు బయటపడినప్పుడు లక్షలాది ప్రజలు దొరికిన రైలెక్కి ఊరు విడిచారు. ప్రైవేటు వైద్యుల్లో అత్యధికులు క్లినిక్‌లకు తాళాలు వేసి వారితోపాటే తరలిపోయారు. టెట్రాసైక్లిన్ గోలీల కోసం జనం వెంపర్లాడుతున్న ఆ రోజుల్లో రోగుల భారమంతా ప్రభుత్వాసుపత్రి మోయవలసి వచ్చింది. మరణాలు యాభై పైచిలుకుకే పరిమితమైనా, దేశ వాణిజ్యానికి, ప్రతిష్ఠకు ఆ వారాల్లో తగిలిన దెబ్బ ఇంతా అంతా కాదు.

ఆ నగరమే రెండేళ్లు తిరగకుండా దేశంలోని పరిశుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకోవడం వెనుక ఉన్న రహస్యం తనిఖీయే. 1995 మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు సూర్యదేవర రామచంద్రరావు కొత్త చట్టాలేవీ తేలేదు. నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, నిర్ణయాధికారాన్ని జోన్ల అధికారులకు అప్పగించారు. కమిషనర్ మొదలు కింది ఉద్యోగి వరకు అందరూ పొద్దున్నే వీధుల్లో ఉండాలన్నారు. చూసివచ్చిన లోపంపై ఆ మధ్యాహ్నమే సమీక్ష జరగాలన్నారు. చెత్త ఎత్తారా లేదా, అక్రమ కట్టడం కూలిందా లేదా, హోటలు వంటశాల శుభ్రంగా ఉందా లేదా అన్నది వీధిలో పోయే ప్రతి వ్యక్తికీ కనిపించేది. ప్రజలే ఆ తనిఖీకి సాక్షులు, న్యాయనిర్ణేతలు కూడా. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. వీధిలో అంతటి మార్పు తెచ్చిన ఆ సూత్రం ఆసుపత్రి గడప దాటి లోపలికి ఎందుకు వెళ్లలేదన్నదే ఈనాటి ప్రశ్న.

గుజరాత్ అనుభవమే దీనికి జవాబు చెబుతుంది. 2019 మే 24న సూరత్ సర్థానాలోని తక్షశిల వాణిజ్య సముదాయంలో నిప్పంటుకుని, పై అంతస్తు ట్యూషన్ తరగతుల్లో చిక్కుకున్న 22 మంది అసువులు బాశారు. ఆ తరువాత నోటీసులు, సీళ్లు, ప్రకటనలు జోరుగానే సాగాయి. ఏడాది తిరిగేసరికి 2020 ఆగస్టు 6న అహ్మదాబాదు నవరంగ్‌పురాలోని ఆసుపత్రి ఐసీయూలో 8 మంది కొవిడ్ రోగులు మంటలకు బలయ్యారు. అదే సంవత్సరం నవంబరులో రాజ్‌కోట్ ఆసుపత్రిలో 5 మంది, 2021 మే 1న భరూచ్ ఆసుపత్రిలో 16 మంది రోగులు, వారికి సేవచేస్తున్న ఇద్దరు నర్సులు ప్రాణాలు కోల్పోయారు. మన విజయవాడలోనూ 2020 ఆగస్టు 9న కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 10 మంది మరణించారు. ఊరు పేరు మారుతోంది, కథ మాత్రం మారడం లేదు.

ఆసుపత్రిలో అగ్నిప్రమాదానికీ ఇతర చోట్ల జరిగే ప్రమాదానికీ ఎంతో తేడా ఉంది. సినిమా హాల్లో మంటలు లేస్తే జనం పరుగెత్తగలరు. వెంటిలేటర్ మీద ఉన్న రోగి, అప్పుడే శస్త్రచికిత్స అయిన బాలింత, గాజుపెట్టెలోని పసికందు పరుగెత్తలేరు. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ఏసీలు, పాతబడిన తీగలు, ప్రాణవాయువు సాంద్రత పెరిగిన గది ఒకచోట చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. మంటకన్నా ముందు పొగ చంపుతుంది. కిటికీలను గాజు పలకలతో మూసివేసిన భవనంలో ఆ పొగకు బయటికి పోయే దారి ఉండదు. అందుకే రెండో మెట్లదారి ఉందా, దానికి అడ్డంగా సామాను పడి ఉందా, రాత్రి విధుల్లో ఉండేవారికి రోగులను తరలించే శిక్షణ ఉందా అన్నవి పత్రాల్లో పూరించే గళ్లు కావు, చావు బతుకుల ప్రశ్నలు.

సర్వోన్నత న్యాయస్థానం ఈ సంగతి గుర్తించింది. ప్రతి జిల్లాలో కమిటీని నియమించి, కొవిడ్ ఆసుపత్రులన్నింటినీ నెలకొకసారైనా అగ్నిభద్రత దృష్ట్యా తనిఖీ చేయాలని 2020 డిసెంబరు 18న ఆదేశించింది. గుజరాత్ ప్రభుత్వం 2021 జులైలో చేసిన పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. భవన నిబంధనలు పాటించని ఆసుపత్రులపై చర్య తీసుకోకుండా గడువు పొడిగిస్తూ నోటిఫికేషన్ జారీచేసింది. ఆసుపత్రులు మానవసేవ మరచి స్థిరాస్తి వ్యాపారంగా మారుతున్నాయని ఆగ్రహించిన న్యాయస్థానం ఆగస్టులో ఆ నోటిఫికేషన్‌ను నిలిపివేసింది. ప్రాణరక్షణ నిబంధనకే వాయిదా ఇవ్వవచ్చునని ఒక ప్రభుత్వం భావించడం శోచనీయం.

చట్టాలకు కొరత లేదు. గుజరాత్‌లో 2013 నాటి అగ్నినివారణ చట్టం ఉంది, 2021లో వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం వచ్చింది. కేంద్రం 2010లోనే ఇటువంటి చట్టం చేసింది. తెలంగాణ దానినే అనుసరిస్తుండగా, ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. లోపం ఎక్కడున్నదీ కేంద్ర చట్టమే చెబుతుంది. దాని ప్రకారం దరఖాస్తు అందిన పది రోజుల్లో ఎటువంటి విచారణా లేకుండానే తాత్కాలిక నమోదు పత్రం ఇవ్వాలి. ఆ పత్రాన్ని అందరికీ కనిపించేచోట తగిలించాలి. చికిత్సల ధరలను స్థానిక భాషలోనూ ప్రదర్శించాలని 2012 నాటి నిబంధనలు చెబుతున్నాయి. గోడమీద పత్రం చూసిన రోగి ప్రభుత్వం అన్నీ చూసే అనుమతి ఇచ్చిందనుకుంటాడు. ఎవరూ గడప తొక్కకుండానే ఆ పత్రం వచ్చి ఉండవచ్చునన్న సంగతి అతనికి తెలియదు. 2024 మే నెలలో ఢిల్లీ వివేక్ విహార్‌లో ఏడుగురు నవజాత శిశువులు దగ్ధమైన నర్సింగ్ హోమ్ లైసెన్సు అప్పటికే మురిగిపోయింది. అయిదు పడకలకు అనుమతి ఉండగా, ప్రమాదం నాటికి లోపల పన్నెండుమంది శిశువులున్నారు. ఈ రెండు విషయాలూ ఆ తల్లిదండ్రులకు తెలిసింది బిడ్డలు పోయిన తరువాతే.

భద్రత అంటే అగ్నిమాపక సిలిండరు ఒక్కటే కాదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సూదులనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి ప్రబలి పదుల సంఖ్యలో ప్రజలు మరణించారు. ఆసుపత్రి వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరుచేయాలని 2016 నిబంధనలు చెప్పడం వెనుక ఇటువంటి విషాదాలు ఉన్నాయి. 2024 నవంబరులో మెహసాణా జిల్లా గ్రామం నుంచి వైద్యశిబిరం పేరిట తీసుకువెళ్లిన రోగులకు అహ్మదాబాదు ఆసుపత్రిలో యాంజియోప్లాస్టీలు జరిపారు, వారిలో ఇద్దరు మరణించారు. ప్రభుత్వ బీమా సొమ్ము కోసం అక్కరలేని చికిత్సలు చేశారన్న ఆరోపణపై అరెస్టులూ జరిగాయి. చికిత్స నాణ్యతను మదింపు చేసే జాతీయ గుర్తింపు విధానం ఉన్నా, చిన్న నర్సింగ్ హోమ్‌లలో అధిక భాగం దాని జోలికి పోవు. దానికోసం దరఖాస్తు చేయడం వారి ఇష్టానికే వదిలివేశారు.

ఇతర దేశాలు ఈ చిక్కుముడిని విప్పిన తీరు గమనించదగినది. ఇంగ్లండ్‌లో 2009లో ఏర్పడిన సేవా నాణ్యతా సంఘం ఆసుపత్రులను, వృద్ధుల సంరక్షణ గృహాలను తనిఖీ చేసి నాలుగు శ్రేణుల్లో నిలుపుతుంది. ఆ శ్రేణిని ప్రవేశద్వారం వద్ద ప్రదర్శించడం 2015 నుంచి తప్పనిసరి. నర్సింగ్ హోమ్ అంటే వృద్ధుల సంరక్షణాలయమన్న అర్థమున్న అమెరికాలో 2008 నుంచి వాటికి అయిదు నక్షత్రాల విధానం అమలులో ఉంది. తనిఖీల ఫలితం, సిబ్బంది సంఖ్య, సేవల నాణ్యత కలిపి నక్షత్రాలు ఇస్తారు. ఆ పద్ధతుల్లోనూ లొసుగులు లేకపోలేదు. అయినా తల్లిని ఎక్కడ చేర్చాలో నిర్ణయించే కొడుకు చేతిలో ప్రభుత్వం చూసివచ్చిన సమాచారం ఉంటుంది. మనదేశంలో ఆ కొడుకు చేతిలో ఇరుగుపొరుగు మాట తప్ప మరేమీ లేదు.

తనిఖీలు పెరిగితే మామూళ్లు పెరుగుతాయని, పెద్దాసుపత్రులకు రాసిన కొలతలు చిన్నవారిపై రుద్దితే బస్తీల్లో చౌకవైద్యం మూతపడుతుందని వైద్య సంఘాలు అంటున్నాయి. ఈ వాదన కొట్టిపారేయదగినది కాదు. మూసిన తలుపులు ఎంత కీడు చేస్తాయో 1994లో సూరత్ చూసింది. అయితే మామూళ్లకు ఊపిరి పోసేది తనిఖీ కాదు, దాని గోప్యత. చేతిలో ఉన్న నివేదికను ఎవరూ చదవరన్న ధీమా ఉన్నప్పుడే అధికారి బేరానికి దిగగలడు, యజమాని ఆ బేరాన్ని ఒప్పుకోగలడు. ఫలితం గోడమీద ఉంటే, అది అబద్ధమని అక్కడే పనిచేసే నర్సు, పడకపై ఉన్న రోగి, పక్క దుకాణదారు ఇట్టే పసిగడతారు. అయిదు పడకల ప్రసూతి గృహానికీ, నూరు పడకల ఆసుపత్రికీ వేర్వేరు ప్రమాణాలు పెట్టవచ్చు. సరిదిద్దుకోవడానికి న్యాయమైన గడువు, సులభ రుణం ఇవ్వవచ్చు. లోపాన్ని దాచే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వరాదు.

తెలుగు రాష్ట్రాలకు ఇది పొరుగింటి గొడవ కాదు. 2019 అక్టోబరులో హైదరాబాదు ఎల్.బి.నగర్‌లోని పిల్లల ఆసుపత్రి ఐసీయూలో మంటలు చెలరేగి పసికందు మరణించినప్పుడు కూడా అనుమతుల సంగతి తరువాతే చర్చకు వచ్చింది. దుర్ఘటన జరగగానే వారం రోజులు హడావుడి, తరువాత నిమ్మకు నీరెత్తినట్లు మౌనం మన యంత్రాంగానికి ఆనవాయితీ అయింది. పగటిపూట ముందుగా కబురంపి వచ్చే తనిఖీకి నర్సులు, సిలిండర్లు, శుభ్రత అన్నీ సిద్ధంగా ఉంటాయి. అర్ధరాత్రి చెప్పకుండా వెళితేనే ఒక్క ఆయాతో నడిచే వార్డు, తాళం వేసిన వెనుక తలుపు కనిపిస్తాయి.

చేయవలసిన పని పెద్దదీ కాదు, ఖరీదైనదీ కాదు. అనుమతించిన పడకలెన్ని, లైసెన్సు, అగ్నిమాపక పత్రం గడువు ఎప్పటిదాకా, చివరి తనిఖీ ఎప్పుడు, దొరికిన లోపాలేమిటి, వాటిలో సరిదిద్దినవెన్ని, రాత్రివేళ శిక్షణ పొందిన నర్సులెందరు అన్న వివరాలను స్థానిక భాషలో, పెద్ద అక్షరాల్లో ప్రతి నర్సింగ్ హోమ్ ద్వారం వద్ద రాయించాలి. ఆ పలక లేని సంస్థకు ప్రభుత్వ బీమా చెల్లింపులు నిలిపివేయాలి. ఆరోగ్య శాఖ, అగ్నిమాపక శాఖ, మునిసిపాలిటీ ఒకరిపై ఒకరు నెపం వేసుకోకుండా, పలకపై తనిఖీ చేసిన అధికారి పేరు, హోదా కూడా ఉండాలి. తప్పు రాసినవారు జవాబుదారీ కావాలి.

ప్లేగు మిగిల్చిన మురికి నుంచి సూరత్‌ను లేపింది వీధిలోకి వచ్చి నిలబడిన అధికారులు, వారి పనిని కళ్లారా చూసిన ప్రజలు. ఆ వెలుగు కతర్‌గామ్ నర్సింగ్ హోమ్ మెట్ల మీదికీ, మన బస్తీల ప్రసూతి గృహాల గదుల్లోకీ ప్రసరించాలి. రోగి చదవలేని తనిఖీ నివేదిక అధికారి ఉద్యోగాన్ని కాపాడవచ్చునేమో గాని, రోగి ప్రాణాన్ని కాపాడలేదు. దస్త్రాన్ని బీరువా నుంచి ద్వారబంధం మీదికి తీసుకురావడానికి ప్రభుత్వాలు ఇంకొక దుర్ఘటన కోసం ఎదురుచూడరాదు.