'నార్మల్' అంటే నయమైనట్లేనా?

బి.పి. చూపించుకున్నారు. 120/80 వచ్చింది. డాక్టరుగారు "నార్మల్" అన్నారు. ఇంటిల్లిపాదికీ సంతోషమే. కాని మర్నాటి నుంచి మాత్రలు మానేశారంటే మాత్రం ప్రమాదాన్ని పిలిచి పీట వేసినట్లే!

ఈ ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లోని 'నార్మా'. అంటే వడ్రంగులు వాడే మూలమట్టం. మన కడప బండను నిలబెట్టే మేస్త్రీని అడగండి. మూలమట్టానికి సరిపోయిందంటే బండ ఇప్పుడు నిటారుగా ఉందని మాత్రమే అర్థం. ఊతంగా పెట్టిన రాయిని లాగేస్తే ఒరిగిపోదూ? మీ మాత్ర ఆ ఊతం లాంటిది.

వైద్యంలో ఈ మాట రకరకాలుగా వినబడుతుంది. నార్మల్ డెలివరీ అంటే ఆపరేషన్ లేని కాన్పు. నార్మల్ సెలైన్ అంటే నూటికి 0.9 వంతు ఉప్పు కలిపిన ద్రావణం. రక్తపరీక్ష రిపోర్టులో నార్మల్ అంటే, సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మందికి ఉండే హద్దుల్లో మీ అంకె ఉన్నదని. అందుకే అంకె కొద్దిగా అటూ ఇటూ అయినంత మాత్రాన బెంబేలు పడనక్కరలేదు. 'జబ్బు నయమైంది' అనే అర్థం మాత్రం వీటిలో దేనికీ లేదు.

బి.పి. మాత్రలు కొన్నింటిని ఒక్కసారిగా ఆపేస్తే పోటు ఉన్నట్టుండి ఎగబాకుతుంది. పక్షవాతానికి, గుండెపోటుకు దారి తీయవచ్చు.

కర్నూలు, కడప ఎండల్లో చెమట పోసి, ఒంట్లో నీరు తగ్గి, కొందరికి బి.పి. తగ్గుతుంది, లేవగానే కళ్లు తిరుగుతాయి. అప్పుడు కూడా మీ అంతట మీరు మాత్ర ఆపకండి. డాక్టరును అడిగితే మోతాదు సవరిస్తారు.

రాగి సంగటి నిక్షేపంగా తినండి. పక్కన ఊరగాయ, ఊరుబిండి మాత్రం తగ్గించండి. అన్నిటిలో కలిపి రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదు.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పసర్ల కోసం తిరగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరండి. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది.

ఈసారి "నార్మల్" అని వినగానే, "మాత్రలు వేసుకుంటేనా, వేసుకోకపోయినా?" అని డాక్టరుగారినే అడగండి.