కర్ర కాపాడని ప్రాణాలు

ఇంటి దాపుకు వచ్చిన పామును చంపితేనే క్షేమమన్న మాటను మన ఊళ్లలో ఎవరూ కాదనరు. చదువుకున్నవాళ్లదీ అదే మాట. ఈ నమ్మకం మనుషుల ప్రాణాలను కాపాడటం లేదు సరిగదా, ప్రాణాల మీదికి తెస్తోంది.

మన కర్రకు దొరికే పాములేవో చూడండి. పట్టపగలు పొలం గట్టు మీదో, పశువుల కొట్టం పక్కనో పొడుగ్గా, వేగంగా పోయేది ఎక్కువగా జెర్రిపోతే. దానికి విషం లేదు, ఎలుకల కోసం వస్తుంది. ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందనీ, నాగుపాముతో జతకడుతుందనీ చెప్పేవన్నీ కట్టుకథలు. పాము నోరు పొదుగు పీల్చడానికి పనికిరాదు. జెర్రిపోతు, నాగుపాము వేర్వేరు జాతులు. చెరువుల్లో, వరిమడుల్లో ఉండే నీరుకట్టె పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది గాని విషం లేదు. పసిరిక పాము కళ్లు పొడుస్తుందంటారు. దాని విషం బల్లులకు, కప్పలకే చాలుతుంది, మనిషిని చంపదు. ఇక గోడలు పాకి బల్లులను పట్టుకునే ఒక చిన్న పాము, ఒంటి మీద అడ్డచారలున్న పాపానికి, కట్లపాము పేరున దెబ్బలు తిని చస్తుంది. దాని చారలు తల వైపు స్పష్టంగా ఉండి తోకకు పోయేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకు తోక వైపే స్పష్టం.

మనిషిని చంపే పాములు చాలావరకు కర్రకు చిక్కవు. కట్లపాము పగలంతా కలుగులోనో ఇటుకల గుట్టలోనో ఉండి రాత్రి తిరుగుతుంది. నేల మీద చాప వేసుకున్న మనిషిని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి. ఇంట్లోవాళ్లు తిన్నది అరగలేదనుకుంటారు. రక్తపింజరి గడ్డిలో, వరికుప్పల కింద కదలకుండా పడి ఉంటుంది. మనిషి అలికిడి విన్నా తరచు పారిపోదు. చీకట్లో అడుగు పడితేనో, కోతలో చెయ్యి తగిలితేనో కాటేస్తుంది. నాగుపాము చాలాసార్లు పడగెత్తి ముందే హెచ్చరిస్తుంది. తప్పుకోవాల్సిన ఆ కాస్త వ్యవధిలో మనం కర్ర వెతుకుతాం.

2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి సుమారు 58 వేలు. మరణాలు ఎక్కువున్న ప్రాంతాల్లో మన తెలుగు నేలా ఉంది. సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యనే. తరతరాలుగా పాములను కొడుతూనే ఉన్నాం కదా, ఇన్ని చావులు ఎందుకు ఆగలేదు?

"పిల్లలున్న ఇల్లు, విషం ఉందో లేదో చూస్తూ కూర్చోవాలా?" అని అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. చూడనక్కర్లేదు. పిల్లలను తీసుకుని దూరం జరగండి, పాము ఎటు పోతుందో కనిపెట్టి ఉండండి, అటవీ శాఖకో పాములు పట్టేవారికో ఫోన్ చేయండి. కొట్టబోయి దగ్గరికి వెళ్లినవాడికీ, చచ్చిందనుకుని చేత్తో ఎత్తినవాడికీ కాట్లు పడుతున్నాయి. జెర్రిపోతును చంపిన ఇంట్లో ఎలుకలు మిగులుతాయి. నాగుపామూ వచ్చేది ఆ ఎలుకల కోసమే.

మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి మడిస్తే కట్లపాము లోపలికి రాలేదు. కాటు పడితే తాడు బిగించవద్దు, గాయం కోయవద్దు, మంత్రగాడి దగ్గర పొద్దుపుచ్చవద్దు. కరిచిన కాలు, చెయ్యి కదలనివ్వకుండా యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందు రాత్రి వేళ కూడా దొరుకుతుందా? వానలు మొదలవక ముందే వెళ్లి అడగండి. లేదంటే తెప్పించమని పట్టుబట్టండి. పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రి వెళ్లే ప్రతి రైతుకూ, కూలీకీ టార్చీ, బూట్లూ ఇప్పించమని మీ పంచాయతీని నిలదీయండి.