వేరుశనగ ఒలుపులో తరుగు ఎవరి ఖాతాకు?

వేరుశనగ ధర క్వింటాలుకు నాలుగు రూపాయలు తగ్గితే యార్డులో గగ్గోలు పుడుతుంది. ఒలుపులో పోయే సొమ్మును గురించి మాట్లాడేవారు అరుదు. అనంతపురం మెట్టప్రాంతపు రైతుకు ఇది చిన్న నష్టమేమీ కాదు.

లెక్క తేలికైనదే. క్వింటాలు మంచి కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది, తక్కినది పొట్టు. ఆ పప్పులో పదోవంతు బద్దలైతే 7 కిలోలు విత్తనానికి పనికిరానట్లే. పప్పు పగిలినా పగలకున్నా నూనె మిల్లుకు ఒక్కటే. విత్తుకునే రైతుకు, ఏరిన పప్పు ఎగుమతి చేసే వర్తకునికి అలా కాదు. బద్ద మొలవదు, గ్రేడులో నిలవదు. ఎకరాకు 60 కిలోలకు తగ్గకుండా విత్తనం పట్టే పంటలో ఈ తరుగంతా రైతు పెట్టుబడి మీదనే పడుతుంది.

లోపం ఎక్కడ ఉన్నది? మామూలు యంత్రంలో జల్లెడకు, కాయను నలిపే దిమ్మెలకు మధ్య సందు ఒకే కొలతకు బిగించి ఉంటుంది. ఇక్కడ సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే. అదైనా ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ ముఖం చాటేస్తే ఒకే చేనులో లావుకాయ, సన్నకాయ కలిసి వస్తాయి. సందు వదులు చేస్తే సన్నకాయ ఒలవకుండా జారిపోతుంది. బిగిస్తే లావుకాయలోని పప్పు నలుగుతుంది.

నలుగుడు తగ్గాలని కాయలపై నీళ్లు చల్లడం మరొక తప్పు. తేమ చేరితే బూజు పడుతుంది. బూజుతో అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. అటువంటి సరుకును విదేశీ కొనుగోలుదార్లు తిప్పి పంపుతారు.

దీనికి మార్గం లేకపోలేదు. 2001లో ఆఫ్రికాలోని మాలి దేశంలో స్త్రీలు చేతులతో కాయలు ఒలవడం చూసిన జాక్ బ్రాండిస్, తరువాత కాంక్రీటుతో చేతియంత్రం ఒకటి రూపొందించారు. అందులో సందు పైన వెడల్పు, కిందికి పోనుపోను ఇరుకు. ఏ సైజు కాయ ఆ సైజు చోట పగులుతుంది. సందు మార్చి కాఫీ గింజల పొట్టు తీయడానికీ వాడవచ్చు. పొట్టు మాత్రం వేరుగా తూర్పారబట్టుకోవాలి. కరువు సీమకు ఈ సూత్రం పరిశీలించదగినది.

కదిరి పరిశోధనా కేంద్రం 2022లో శ్రీ సత్యసాయి జిల్లా పరిధిలోకి వెళ్లినా, దాని రకాలు రెండు జిల్లాల చేలలోనూ ఉన్నాయి. కదిరి-6, కదిరి లేపాక్షి కాయలతో, ముఖ్యంగా వాన తప్పిన ఏటి కాయలతో, యంత్రాలను పరీక్షించాలి. క్వింటాలుకు వచ్చిన పప్పెంత, బద్దలెన్ని, ఒలవక మిగిలిన కాయలెన్ని అనే మూడు అంకెలు ప్రతి యంత్రం మీదా రాయించాలి. ఆ అంకెలు లేని యంత్రానికి సబ్సిడీ ఇవ్వరాదు. గంటకు ఎన్ని బస్తాలు ఆడుతుందో చూచి కొన్నంతకాలం తరుగు రైతు ఖాతాకే చేరుతుంది.