ఆవుకు గంగడోలు, ఆటకు ఆనవాలు



మా కరీంనగరంలో సెలవులకు చేరిన పిల్లల కాలక్షేపమొకటి నన్ను ఆలోచింపజేసింది. ఎప్పుడో ఆడి పేరు మరచిన వీడియో గేమును ఒకరు వర్ణిస్తారు. తక్కినవారు పేరు చెప్పాలి. "పాతకాలం ఊరు, చెట్లు కొట్టాలె, ఇల్లు కట్టాలె, పెండ్లి చేసుకోవాలె" అంటాడొకడు. వెంటనే నాలుగు దిక్కుల నుండి నాలుగు పేర్లు లేస్తాయి.

దీనిని వ్యర్థమని తోసివేసేవారితో నేను ఏకీభవించను. ఇది అచ్చంగా తర్కశాస్త్రంలోని లక్షణచర్చ. ఆవును "కొమ్ములు గలది" అంటే అతివ్యాప్తి, గేదెకూ కొమ్ములున్నవి. "కపిలవర్ణం గలది" అంటే అవ్యాప్తి; తెల్లావు మిగిలిపోతుంది. "ఒంటిగిట్ట గలది" అంటే అసంభవం. "గంగడోలు గలది" అన్నప్పుడే ఆవు పట్టుబడుతుంది.

ఊరు, అడవి, ఇల్లు – ఇవన్నీ కొమ్ములే. మధ్యయుగ జీవితాన్ని అనుకరించే ఆటలలో ఇంచుమించు అన్నిటా ఉంటాయి. కాబట్టి గంగడోలు అడగాలి. పల్లెనా, పట్టణమా? ఒంటరి యువకుడు గొడ్డలి పట్టి, ఊరినే నిర్మించి, వారసునికి అప్పగించేదైతే అది పోలండువారు 2021లో పూర్తిరూపంలో విడుదల చేసిన మెడీవల్ డైనాస్టీ. 1400 నాటి ఐరోపా పట్టణంలో వృత్తి చేపట్టి, పదవులకై ఎత్తులు వేసి, వంశాన్ని నిలిపేదైతే 2002 నాటి జర్మనీ ఆట ది గిల్డ్. పెండ్లి ఊసు లేక, 1403 నాటి బొహీమియాలో కమ్మరి ఇంట పెరిగిన హెన్రీ కథైతే 2018లో చెక్ దేశం నుండి వచ్చిన కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్. ఒక్క ప్రశ్న సరిగా పడితే తక్కిన పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

నా చింత వేరు. వర్ణన మసకబారడానికి మరపొక్కటే కారణం కాదు. మాటల లేమి కూడా. "ఇనుము కొట్టేది", "గాలి ఊదేది", "పొలంలో గీసేది" అంటారు పిల్లలు. సమ్మెట, తిత్తి, నాగలి – తాతల నోట నిత్యం మెదలిన మాటలు వీరికి అందలేదు. నిర్మల్ పరిసరాల ఖనిజంతో, నిజామాబాదు జిల్లా కోనసముద్రం కొలుములలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చేవారు. ఆ నేల పిల్లలు బొహీమియా కమ్మరిని గుర్తుపడతారు గాని అతని చేతి పనిముట్టును తెలుగులో పిలవలేరు!

మనకు సామగ్రి లేకనా? క్రీడాభిరామం తీసి చూడండి. మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులు తిరుగుతారు; పూటకూళ్ళ ఇంట రూకకు భోజనం చేస్తారు; కోడిపందెం, పొట్టేళ్ళ పోరు చూస్తారు. ఒక దినపు నగరజీవితం సమస్తం అందులో ఉన్నది. ఆటగా మలచే యువకులు రేపు రావచ్చు. వచ్చిననాడు ఆ జీవితాన్ని పేర్లతో చెప్పగల నోళ్ళు మిగిలి ఉండాలి కదా!

అందుకే తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి. పొడుపుకథల సరసనే ఈ ఆటనూ తరగతిలోకి రానివ్వండి. నియమం ఒక్కటే: "అదేదో" అనకూడదు, పనిముట్టుకు, వృత్తికి, ఋతువుకు పేరుండాలి. మొదటి పాఠం వీడియో గేములతో కూడా కానక్కరలేదు. "కొండమీద కోట" అంటే ఎల్గందులకూ చెల్లుతుంది, రామగిరికీ చెల్లుతుంది. ఏ మాట చేరిస్తే అది ఎల్గందుల మాత్రమే అవుతుందో పిల్లలను అడిగి చూడండి.