పేరు మనది, బిల్లు వాళ్ళది: పాన్ కార్డు అప్పివ్వడం ఆపండి



డిగ్రీ చదువుతున్న మన తమ్ముడి పాన్ మీద లక్షల కాంట్రాక్టు బిల్లుకి ఫారం 16ఏ వస్తే, మనూళ్ళో వినిపించే మాట ఒక్కటే: "ఏటవుతాదిలే, కంప్యూటర్ తప్పు." నేను ఒప్పుకోను. కొన్నిసార్లు ఒక అంకె తప్పు పడి ఉండొచ్చు. చాలాసార్లు అది బినామీ.

ఇది కొత్త రోగం కాదు. 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. చట్టం గేటు వేసిన ప్రతిసారీ వాళ్ళకి దొడ్డిదారి అయ్యింది మన పేరే. నిన్న పట్టా మీద మన పేరు, నేడు పాన్ మీద మన పేరు. లాభం మాత్రం వాళ్ళ జేబులోకే.

"ఎస్టీలకి టాక్స్ లేదు కదా" అంటారు కొందరు. తప్పు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దిష్ట ప్రాంతాలకి, లడఖ్‌కి. అరకు, పాడేరు అందులో లేవు.

"టీడీఎస్ రిఫండ్ నువ్వే తీసుకో తమ్ముడూ" అనేవాడు ఇంకా ప్రమాదం. 10 లక్షల బిల్లుకి 1 శాతం చొప్పున 10 వేలు కోస్తారు. ఆ 10 వేలు నువ్వు క్లెయిమ్ చేశావంటే 10 లక్షలూ నీవేనని ఒప్పుకున్నట్టే. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఎవడో తిన్న బిల్లుకి నీ చెల్లెలి ఫీజు ఆగితే ఆ కాంట్రాక్టర్ వచ్చి కడతాడా?

మరేం చెయ్యాలి?

ముందు ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లో నీ 26ఏఎస్, ఏఐఎస్ తెరిచి చూడు. ఎవరు కోశారు, ఎంత, ఏ తేదీన అన్నది అక్కడే ఉంటుంది. ఆ డబ్బు నీది కాకపోతే ఏఐఎస్‌లోనే 'వేరే పాన్‌కి చెందినది' అని అభ్యంతరం పెట్టు. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ నంబరు కొట్టి, నీ పేరున ఏ వ్యాపారమైనా ఉందేమో కూడా చూసుకో.

తర్వాత, కోసినవాళ్ళకి కాగితం మీద రాయి. టీడీఎస్ రిటర్న్‌లో పాన్ సరిచేయాల్సింది వాళ్ళే. నోటిమాటతో పని జరగదు. రసీదు తీసుకో. ప్రభుత్వ ఆఫీసైతే ఏ పని, ఎవరితో ఒప్పందం, ఎవరికి చెల్లించారు అని సమాచార హక్కు కింద అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నీ సంతకం దొంగది పెట్టి ఉంటే పోలీసు ఫిర్యాదు ఇవ్వు.

ఇక తెలిసే పాన్ ఇచ్చిన అన్నలకి ఒక మాట. మీరు అతనికి చేసింది సాయం కాదు. 2016లో సవరించిన బినామీ చట్టం అసలు యజమానినే కాదు, పేరిచ్చినవాణ్ణీ శిక్షిస్తుంది: 1 నుంచి 7 ఏళ్ళ కఠిన జైలు. వాడికి లాయరున్నాడు. మీకెవరున్నారు?

పని మనకి రావాలని కొట్లాడదాం. మన చేతికి పని, మన ఖాతాకి డబ్బు వస్తే టాక్స్ కూడా తలెత్తుకుని కడదాం. ఒట్టి పేరు మాత్రం ఎవడికీ ఇవ్వొద్దు.

ఈ వారమే మీ 26ఏఎస్ చూసుకోండి. ఇంట్లో చదువురాని పెద్దోళ్ళవీ చూడండి. తేడా కనిపిస్తే గ్రూపులో చెప్పండి, ఉత్తరం కలిసి రాద్దాం.

జై ఆదివాసీ.