పొయ్యి వెనక గోడకు మ్యాచింగ్ ఎందుకు?

వంటింటి గోడకు టైల్స్ కొనడానికి వెళ్లేవాళ్ల చేతిలో సాధారణంగా రెండు ముక్కలుంటాయి. ఒకటి గట్టు మీద పరిచిన గ్రానైటుది, రెండోది కప్‌బోర్డు తలుపులకు అంటించిన లామినేటుది. షాపులో మొదట అడిగేదీ ప్లాట్‌ఫామ్ ఏ రంగు, కప్‌బోర్డులు ఏ రంగు అనే. ఆ రెండింటికీ నప్పే మూడో రంగు దొరికితే ఎంపిక పూర్తయినట్టే. ఇంటీరియర్ పనులు చేసేవాళ్లూ, గృహప్రవేశానికి వచ్చి మెచ్చుకునే చుట్టాలూ అందరూ ‘మ్యాచింగ్’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగుతారు. గట్టుకూ కప్‌బోర్డుకూ మ్యాచ్ కావడమే గోడ టైల్‌కు ఉండాల్సిన గుణం అన్న ఈ నమ్మకం పొరపాటని నేనంటాను. పొయ్యి వెనక గోడ నూనెను, పసుపును, ఆవిరిని, సింక్ దగ్గర బోరు నీళ్లను ఏళ్ల తరబడి భరించాల్సిన గోడ. దానికి ముందుగా చూడాల్సింది నునుపు, అతుకులు, వెలుతురు. రంగుల పొందిక ఈ మూడూ తేలాక చూసుకోవాల్సిన విషయం. అది కూడా గట్టుతోనే, కప్‌బోర్డుతో కాదు.

ఎందుకంటారా, గట్టు, గోడ టైల్, కప్‌బోర్డు తలుపులు, ఈ మూడింటి ఆయుష్షు చూడండి. గట్టు మీది రాయి వంటింట్లో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ అయినా, కరీంనగర్ టాన్ బ్రౌన్ అయినా, పాత ఇళ్లలోని కడప రాయి అయినా ఒకసారి పరిస్తే ఇల్లు ఉన్నన్నాళ్లూ ఉండేదే. గోడ టైల్ దాని తర్వాతిది. సిమెంటుతోనో టైల్ గమ్‌తోనో అతికాక పగలగొట్టకుండా ఊడదు. పగలగొడితే గట్టు అంచు పెచ్చులూడుతుందన్న భయం ఒకటి, గోడలో ఉన్న నీళ్ల పైపులకూ కరెంటు పైపులకూ దెబ్బ తగులుతుందన్న భయం మరొకటి. కప్‌బోర్డు తలుపులు మూడింటిలోనూ అల్పాయుష్షువి. సింక్ కింద తేమకు ప్లైవుడ్ ఉబ్బుతుంది, పొయ్యి పక్కన వేడికి అంచుపట్టీ లేస్తుంది, మోజూ పాతబడుతుంది. స్క్రూలు విప్పి కొత్త తలుపులు బిగించడం ఒకటి రెండు రోజుల పని. అంటే తేలిగ్గా మారేదాన్ని కొలబద్దగా పెట్టుకుని, మార్చడం కష్టమైనదాన్ని దానికి సరిపెడుతున్నాం. వంకాయ రంగు తలుపులకు జోడీగా అదే రంగు పూల టైల్ వేసిన వంటింట్లో, రేపు తలుపులు తెల్లవి చేయించుకుంటే ఆ పూలకు గోడ మీద ఉండాల్సిన కారణమే ఉండదు. అయినా అవి ఉంటాయి.

మ్యాచింగ్ పేరిట ఆచరణలో జరుగుతున్నదేమిటో కూడా చూడాలి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి మన ఊళ్లకు దిగే గోడ టైల్స్‌లో చాలా భాగం సెట్లుగా వస్తాయి: ఒక లైటు, ఒక డార్కు, ఒక హైలైటరు. లైటు పైన, డార్కు కింద, మధ్యలో కాఫీ కప్పులో పండ్ల బుట్టో బంగారు చారలో ఉన్న హైలైటరు. నల్ల గెలాక్సీ గట్టు ఉందని చెబితే, అందులోని బంగారు చుక్కలకు మ్యాచింగ్ అని బంగారు చారల టైల్ చూపిస్తారు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు చిన్న చిన్న రేణువులు. రాయికి దగ్గరగా వంగి, వెలుతురు సరైన కోణంలో పడితే మెరుస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగితే గట్టు దాదాపు నల్లగానే కనిపిస్తుంది, గోడ మీది బంగారు చారలు మాత్రం గుమ్మంలోంచే కనిపిస్తాయి. పైగా పాలిష్ పట్టిన నల్లరాయి సగం అద్దం. రాత్రి లైటు వేయగానే గోడ మీది బొమ్మంతా గట్టు మీద తలకిందులుగా మళ్లీ కనిపిస్తుంది. ఒక్క హైలైటరు వరుస వేశామనుకున్నచోట రెండు వరుసలవుతాయి. షాపులో టైల్‌ను నిలబెట్టి, గ్రానైట్ ముక్కను పక్కన పెట్టి చూసేవాళ్లకు ఈ ప్రతిబింబం కనిపించదు.

అసలు కచ్చితమైన మ్యాచింగ్ అన్నది దొరికే వస్తువు కాదు. ఒకే గనిలోంచి వచ్చిన రెండు పలకలే ఒక్కలా ఉండవు. టైల్ పెట్టెల మీద బ్యాచ్, షేడ్ నంబర్లు వేసేది డిజైను ఒకటే అయినా బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఛాయ మారుతుంది కాబట్టే. దీపాల సంగతి మరీ ముఖ్యం. 3000 కెల్విన్ పసుపు వెలుగు కింద కలిసిపోయినట్టున్న రెండు రంగులు 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద విడిపోవచ్చు. షోరూమ్ దీపాల కింద కుదిర్చిన జోడీ ఇంట్లో ఎన్నాళ్లు కుదురుతుందో చెప్పలేం.

ఇక అసలు సంగతి, అతుకులు. టైల్ ముఖం మీద గ్లేజు ఉంటుంది. అది గాజు లాంటి పొర, దాని మీద పడిన చుక్క తడిగుడ్డతో వచ్చేస్తుంది. అతుకుల్లో నింపే సిమెంటు గ్రౌట్‌కు ఆ పొర లేదు. అది సన్న రంధ్రాలతో నిండిన పదార్థం. పసుపులోని కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే తాళింపులోంచి వేడి నూనెతో కలిసి చిందిన పసుపు ఆ రంధ్రాల్లోకి దిగాక నీళ్లతో ఎంత తుడిచినా బయటికి రాదు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కూడా. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపెక్కే గుణమే ఇది. ఎండ పడితే పసుపు మరక క్రమంగా వెలిసిపోతుంది కానీ పై కప్‌బోర్డుల కింద గోడకు ఎండ ఎక్కడిది? కాబట్టి వంటింటి గోడ పాతబడటమంటే చాలావరకు అతుకులు పాతబడటమే. టైల్ కొన్ననాటిలాగే ఉంటుంది. దాని చుట్టూ గీతలు పసుపుగా, తర్వాత గోధుమగా, తర్వాత నల్లగా మారుతాయి. రంగు కుదిరిందా అని గంటసేపు చూసేవాళ్లు అతుకుల పొడవెంతో ఒక్కసారి లెక్కపెడితే ఎంపికే మారిపోతుంది.

ఆ లెక్క కష్టమేమీ కాదు. గట్టుకూ పై కప్‌బోర్డుకూ మధ్య మామూలుగా ఉండే రెండడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవున్న గోడ తీసుకోండి. మూడంగుళాలు బై ఆరంగుళాల చిన్న టైల్ వేస్తే అడ్డం, నిలువు అతుకులు కలిపి సుమారు 86 అడుగులవుతాయి. పన్నెండు బై పద్దెనిమిది టైల్‌ను అడ్డంగా పరిస్తే 18 అడుగులు. ఒకటి బై రెండడుగుల టైల్‌ను నిలువుగా నిలబెడితే 14 అడుగులు, అందులో అడ్డం అతుకు ఒక్కటీ ఉండదు. నూనె జిడ్డు పేరుకునేది ముఖ్యంగా అడ్డం గీతల మీదే కనుక ఇది పెద్ద లాభం. రెండు బై నాలుగడుగుల టైల్ అయితే గోడంతటికీ ఒక్క నిలువు అతుకు, రెండడుగులు. 600 మిల్లీమీటర్ల టైల్ 24 అంగుళాలకు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కానీ ఆ సందు కప్‌బోర్డు అడుగున కలిసిపోతుంది. ఒకే గోడ, ఒకే వంట. కడగాల్సిన గీత మాత్రం 86 అడుగుల నుంచి రెండడుగుల దాకా మారుతోంది. మ్యాచింగ్ సూత్రం ఈ తేడాను పట్టించుకోదు, దానికి రంగు కుదిరితే చాలు.

ఆ మూడు బై ఆరు చిన్న టైల్‌నే తెల్ల రంగులో ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో బాగా ఇష్టపడుతున్నారు, ఏ రంగు కప్‌బోర్డుకైనా నప్పుతుందని. దాని పుట్టుక వేరు. 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లకు జార్జ్ హైన్స్, క్రిస్టఫర్ లాఫార్జ్ అనే వాస్తుశిల్పులు తెల్ల గ్లేజు టైల్స్ వాడారు. నేల కింద చీకట్లో వెలుగును తిప్పి పంపాలి, జనం తాకే గోడ ఇట్టే కడగడానికి రావాలి, అవే కారణాలు. అతుకులను వీలైనంత సన్నగా ఉంచారు. ఇక్కడ మనం తెచ్చుకున్నది ఆ పని కాదు, ఆ రూపం మాత్రమే. పైగా గీతలు కనబడాలని వెడల్పు అతుకులు వదిలి, బూడిద రంగు సిమెంటు గ్రౌట్ నింపుతున్నాం. పులిహోర పోపు వేసే ఇంట్లో పొయ్యి వెనక అలాంటి గోడ నిలబెట్టడం, దాన్ని రోజూ తుడవాల్సిన మనిషికి చేసే అన్యాయం.

దీనికి వెంటనే వచ్చే జవాబు ముదురు రంగు వేస్తే మరకలు కనబడవు కదా అని. నల్ల గట్టుకు నల్ల టైల్ మ్యాచింగ్ అవుతుంది, జిడ్డూ దాగుతుందంటారు. కనబడకపోవడం శుభ్రం కాదు. బొద్దింకలకు కావలసిన జిడ్డు ముదురు గోడ మీద కూడా అంతే ఉంటుంది, దాన్ని తుడవాలని గుర్తుచేసే మరక మాత్రం ఉండదు. పోనీ దాగుతుందా అంటే అన్నీ దాగవు. తెలుగు ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠిన జలం. సింక్ వెనక చిందిన ప్రతి చుక్కా ఆరిపోయి తెల్లటి మచ్చ వదులుతుంది. నల్ల నునుపు టైల్ మీద అది చుక్కల ముగ్గులా కనబడుతుంది. ఆ మచ్చలు పోవడానికి యాసిడ్ పోసి రుద్దుతారు. యాసిడ్ మచ్చతో పాటు సిమెంటు గ్రౌట్‌నూ తింటుంది, గుంటలు పడిన గ్రౌట్ ఇంకా ఎక్కువ మురికి పడుతుంది.

వెలుతురు సంగతికొస్తే, మన వంటిళ్లలో లైటు గది మధ్యనో ఎదుటి గోడ మీదో ఉంటుంది. గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ కూరగాయలు తరిగే పీట మీదే పడుతుంది. పై కప్‌బోర్డులు ఇంకాస్త చీకటి చేస్తాయి. అక్కడ గట్టు నల్లనిదైతే వెలుగును తిప్పి పంపగలిగేది వెనక గోడ ఒక్కటే. దానికీ ముదురు రంగు టైల్ వేస్తే కత్తి దగ్గరి చూపు తగ్గుతుంది. కప్‌బోర్డు కింద ఎల్‌ఈడీ పట్టీ పెట్టుకునేవాళ్లు కూడా మరీ అద్దంలా మెరిసే టైల్ కంటే కొంచెం మెరుపు తగ్గించిన నునుపు టైల్ తీసుకుంటే మంచిది. లేకపోతే ఒక్కో బల్బూ గోడలో చుక్కగా మెరిసి కళ్లకు కొడుతుంది. మెరుపు తగ్గడం వేరు, గరుకు వేరు. రాయి పేర్చినట్టు ఎత్తుపల్లాలుండే టైల్స్ హాల్లోకి బాగుంటాయి, పొయ్యి వెనక కాదు.

అయితే అందం అక్కర్లేదా అని అడుగుతారు. ఇప్పుడు చాలా ఫ్లాట్లలో వంటిల్లు హాల్లోకి తెరిచే ఉంటోంది, వచ్చినవాళ్ల కళ్లు పడేది ఆ గోడ మీదే. ఈ అభ్యంతరంలో బలముంది, దాన్ని తోసిపుచ్చను. వెచ్చటి గోధుమ ఛాయ ఉన్న టాన్ బ్రౌన్ గట్టు మీద నీలి ఛాయ తెలుపు గోడ ఎబ్బెట్టుగా ఉంటుంది, మీగడ తెలుపు హాయిగా ఉంటుంది. అంతవరకు రాయి ఛాయను చూడాల్సిందే. కానీ ఆ పొందికకు చాలా రంగులు సరిపోతాయి, ఒకే ఒక్క జోడీని వెతకాల్సిన పని లేదు. బొమ్మల్లేని లేత రంగు గోడ గట్టు రాయికి అడ్డం రాదు, తలుపులు ఏ రంగుకు మారినా కాదనదు. ఇంటి సోకు తలుపుల్లో చూపించుకోవచ్చు, డబ్బాల్లో చూపించుకోవచ్చు, కిటికీలో కరివేపాకు కుండీతో చూపించుకోవచ్చు. అవన్నీ మార్చుకోగలిగినవి. షాపులో ముక్కకు ముక్క ఆనించి చూసే బదులు ఒక టైల్ ఇంటికి తెచ్చుకుని, పొయ్యి వెనక నిలబెట్టి, పొద్దునా రాత్రీ చూడాలి. నూనెలో పసుపు కలిపి దాని మీద రాసి, రాత్రంతా వదిలి, తెల్లారి తడిగుడ్డతో తుడిచి చూడాలి. ఆ పరీక్షలో నిలవనిది ఎంత మ్యాచింగ్ అయినా వద్దు.

పెద్ద టైల్స్ అందరికీ కుదరవన్నది మరో అభ్యంతరం, అదీ నిజమే. రెండు బై నాలుగు పలక బరువు. గోడ వంకరగా ఉంటే వెనక బోలు మిగులుతుంది, స్విచ్‌బోర్డుకు రంధ్రం కోసేటప్పుడు మూల నుంచి పగులు సాగుతుంది. గోడ సాపుగా లేనిచోట ఒకటి బై రెండడుగుల టైల్‌ను నిలువుగా వేసి, స్విచ్‌బోర్డు దగ్గరికి అతుకు వచ్చేలా చూసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. అతుకుల్లో సిమెంటుకు బదులు ఎపాక్సీ గ్రౌట్ నింపమంటే ఖరీదు ఎక్కువ అనేవాళ్లకు జవాబు కూడా ఆ అతుకుల లెక్కలోనే ఉంది. రెండు మిల్లీమీటర్ల వెడల్పు, ఎనిమిది మిల్లీమీటర్ల లోతు ఉన్న 14 అడుగుల అతుకులకు పావు కిలో కూడా పట్టదు. నీళ్లూ నూనే పీల్చని గ్రౌట్ ఆ కొద్దిపాటి గీతకు పెట్టడానికి వెనకాడి, హైలైటరు వరుసకు అంతకంటే ఎక్కువ ఇవ్వడంలో అర్థం లేదు. వైట్ సిమెంటుకు అలవాటు పడ్డ మేస్త్రీలు ఎపాక్సీ అంటే ఇష్టపడరు. అది త్వరగా గట్టిపడుతుంది, నింపుతూనే తడి స్పాంజితో తుడవాలి, ఆలస్యమైతే టైల్ మీద పొర కడుతుంది. కూలి మాట్లాడుకునే రోజే ఈ సంగతీ తేల్చుకోవాలి. గట్టు, గోడ కలిసే మూలను మాత్రం ఎపాక్సీతోనూ వైట్ సిమెంటుతోనూ కాక సిలికాన్‌తో నింపమనాలి. రాయీ గోడా ఒకేలా కదలవు కనుక గట్టి పదార్థంతో నింపిన మూల ముందుగా చీలుతుంది, ఆ చీలికలోంచి దిగిన నీళ్లే కప్‌బోర్డుల వెనక ప్లైవుడ్‌ను ఉబ్బిస్తాయి.