ఆ నాలుగు గంటలు పిల్లల్ని చూసేదెవరు?

అప్పుడే నడక నేర్చిన పిల్లవాడికి స్నానాల గదిలో బకెట్ నడుం దాకా వస్తుంది. లోపల మగ్గు తేలుతూ కనిపిస్తే అందుకోవాలని అంచు పట్టుకుని వంగుతాడు. ఆ వయసులో ఒంటి బరువులో తల వాటా ఎక్కువ. కాళ్లు నేల వదిలాయంటే తలకిందులుగా లోపలికి జారిపోతాడు. మళ్లీ పైకి లేవడానికి చేతుల్లో బలం చాలదు. నీళ్లతో నిండిన బకెట్ ఆ పసి బరువుకు ఒరిగిపోదు కూడా.

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులెత్తి కేకలు పెడతారు. పెద్దవాళ్ల ధీమా కూడా ఆ కేక మీదే ఉంటుంది, ఏదైనా అయితే పిల్ల ఏడుస్తుంది కదా అని. కానీ ఊపిరే అందనప్పుడు గొంతులోంచి మాట రాదు. చిన్నపిల్లలు చప్పుడు లేకుండా, చాలాసార్లు నిమిషంలోపే మునిగిపోతారు. ‘ఇంతసేపు సవ్వడి లేదేమిటి’ అని తల్లికి అనుమానం వచ్చేసరికే ఆలస్యమైపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో పావు వంతుకు దగ్గరగా ఐదేళ్లలోపు పిల్లలే. పదింట తొమ్మిది చావులు పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరిగాయి. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో అన్ని వయసులవాళ్లూ కలిపి 38 వేలకు పైగా ఉన్నారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఊరంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘తల్లి ఏం చేస్తోంది?’ ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని అంతకంటే క్రూరంగా శిక్షించడం కుదరదు. నిజానికి ఆమె ఏం చేస్తోందో అందరికీ తెలుసు. పొయ్యి దగ్గర ఉంది, బట్టలు ఉతుకుతోంది, నాట్లకు వెళ్లింది, పెద్దపిల్లను బడికి తయారు చేస్తోంది. తప్పు ఆమెది కాదు. ఆమె పనిలో ఉన్న ఆ కాసిని గంటలు పిల్లను చూసే మనిషిని ఏర్పాటు చేయకపోవడం ఊరి తప్పు, ప్రభుత్వం తప్పు.

ఈ మాట కేవలం జాలితో చెబుతున్నది కాదు. బంగ్లాదేశ్ దీన్ని లెక్కలతో నిరూపించింది.

టీకాలు, ఓఆర్‌ఎస్ వచ్చాక ఆ దేశంలో అతిసారంతోనూ అంటువ్యాధులతోనూ పోయే పసివాళ్ల సంఖ్య బాగా తగ్గింది. అప్పటిదాకా వాటి చాటున ఉన్న మరో కారణం అప్పుడు పైకి తేలింది. 2003లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో ఏడాదికి దాదాపు 17 వేల మంది పిల్లలు నీళ్లలో పోతున్నారని తేలింది. ఎక్కువ మంది ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్యవాళ్లు. మునిగింది నదుల్లోనో వరదల్లోనో కాదు, పెరట్లోని కుంటల్లో, ఇంటికి ఇరవై మీటర్ల లోపే. అదీ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్యలో. ఆ వేళ తండ్రి పొలంలో, అక్క బడిలో, తల్లి ఇంటి చాకిరీలో ఉంటారు.

జబ్బుకు వేళ తెలిసింది కాబట్టి మందు కూడా ఆ వేళకే వేశారు. సెంటర్ ఫర్ ఇంజ్యూరీ ప్రివెన్షన్ అండ్ రీసెర్చ్ బంగ్లాదేశ్ అనే సంస్థ ఊళ్లలో ‘ఆంచల్’ పేరుతో పిల్లల కేంద్రాలు తెరిచింది. పెద్ద భవనాలేమీ కట్టలేదు. ఊళ్లోనే ఒకామె తన ఇంట్లో ఒక గది ఇస్తుంది. వారానికి ఆరు రోజులు, తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా, ఇరవై పాతిక మంది పిల్లలు చాప మీద కూర్చుని పాటలు పాడతారు, బొమ్మలు గీస్తారు. తోడుగా ఒక సహాయకురాలు ఉంటుంది. పిల్లలు దాటి పోకుండా గుమ్మానికి అడ్డు కడతారు. అంతే. ఈ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో నీటి మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. 2022లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాల్లో ఇలాంటి 8 వేల కేంద్రాలకు ఆమోదం తెలిపింది.

కాస్త ఎదిగిన పిల్లలకు ఈత నేర్పడం ఆ పనిలో రెండో సగం. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో చట్రం కట్టి, అందులో పిల్లలకు 25 మీటర్లు ఈదడం, అర నిమిషం తేలడం నేర్పుతారు. తోటివాడు మునిగిపోతుంటే తాము దూకకుండా గట్టు మీద నుంచే కర్ర అందించి లాగడం కూడా ఆ పాఠంలో భాగమే. ఈత వచ్చిన అన్న తమ్ముడి కోసం దూకి, ఇద్దరూ మునిగిపోయిన వార్తలు చదివేవాళ్లకు ఆ కర్ర విలువ ఎంతో తెలుస్తుంది.

సరిహద్దుకు ఇవతల సుందరబన్స్‌లోనూ కథ అదే. చైల్డ్ ఇన్ నీడ్ ఇన్‌స్టిట్యూట్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అక్కడ చేసిన సర్వేలో, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో లక్షకు 244 మంది చొప్పున ఏటా మునిగిపోతున్నారని తేలింది. ఐదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లలో ఆ సంఖ్య 39. అంటే నీటి గండం నడక మొదలైన రోజు నుంచి బడిలో చేరే రోజు దాకానే మహా ఎక్కువ.

తెలుగు నేల మీద ఆ గండం రకరకాల రూపాల్లో పొంచి ఉంటుంది. కోనసీమలో ఇంటి ముందే పంట కాలువ. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు. తెలంగాణలో గట్టు లేని వ్యవసాయ బావులు, వాకిట్లో నీళ్ల గాబులు, పశువుల కొట్టం దగ్గర కుడితి గోళేలు. పల్లెల్లో మట్టి కోసం పొక్లెయిన్ తవ్వి వదిలేసిన గుంతలు, నగరాల్లో వాన నీళ్లు నిండిన పునాది గుంతలు.

హైదరాబాద్‌లో మరొకటి ఉంది, సంపు. ట్యాంకర్ రాగానే డ్రైవర్ ఇనుప మూత పక్కకు లాగి పైపు లోపలికి వేస్తాడు. నిండేదాకా ఆ చదరపు నోరు తెరిచే ఉంటుంది. పైపు తీశాక మూత సగం కప్పి వెళ్లిపోవడమూ మామూలే. ఆ పక్క గదిలోనే వాచ్‌మన్ కుటుంబం, వాళ్ల చంటిపిల్ల. మూతకు అడుగున ఇనుప జాలీ ఒకటి బిగించి, పైపు పట్టేంత కంత మాత్రమే వదిలితే మూత తెరిచినా పిల్ల పడదు. పెయింట్ల కోసం లక్షలు ఖర్చుపెట్టే అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇది ఒక పూట పని.

ఇంట్లో చేయాల్సినవీ ఇలాంటివే. వాడుకోగానే బకెట్ బోర్లించాలి. బాత్రూమ్ తలుపుకు పిల్లలకందని ఎత్తులో గడియ పెట్టాలి. గాబుకు చెక్క మూత చేయించాలి. నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ పిల్ల చేతికందేంత దూరంలోనే ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడమే. మనవల్ని చూసుకోవడానికి అక్కడికి వెళ్లే అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇంటి వెనక ఈత కొలను ఉంటే నాలుగు వైపులా కంచె ఉందా, దాని గేటు దానంతటదే మూసుకుంటోందా అని దిగిన రోజే చూసుకోవాలి.

అయినా ప్రమాదం జరిగితే? నీళ్లలోంచి తీసిన పిల్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ ఊళ్లలో చూస్తాం. అలా పోయే ఒక్కో నిమిషం ప్రాణం విలువ చేసేది. ఆ పిల్లకు కావలసింది గాలి. చదునుగా వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే వెంటనే నోట్లోకి గాలి ఊదాలి. ఆ వెంటనే ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఇలా ఆపకుండా చేస్తూనే ఉండాలి. ఈలోగా పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. ఆశా కార్యకర్తకూ బడి టీచరుకూ డ్వాక్రా సంఘాల మహిళలకూ దీన్ని ఒక బొమ్మ మీద చేయించి నేర్పవచ్చు.

ఇక అసలు విషయం. పిల్లల్ని చూసే కేంద్రాల కోసం బంగ్లాదేశ్ గదులు వెతుక్కోవలసి వచ్చింది. మనకు ప్రతి ఊళ్లో అంగన్‌వాడీ ఉంది. కానీ అక్కడ రోజూ ఆటపాటలు మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకు చిన్నవాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇచ్చి పంపుతారు. నీళ్లు అందరికంటే ఎక్కువగా బలి తీసుకునే వయసు పిల్లలే ఆ గుమ్మం బయట మిగిలిపోతున్నారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని చోటికి తల్లుల వెంట ఐదుగురు చిన్నపిల్లలు వస్తే వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోనే ఒకామెను పెట్టాలంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని చూసే క్రెష్‌ల కోసం కేంద్రం 2022 నుంచి ‘పాల్నా’ పథకాన్ని మిషన్ శక్తి కింద నడుపుతోంది. 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ నీటి మరణాల నివారణకు ఒక వ్యూహపత్రం కూడా ప్రకటించింది. కాగితం మీద దేనికీ కొదవ లేదు.

ఏటా జూలై 25ను నీటి మరణాల నివారణ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించింది. సరిగ్గా మన నాట్ల కాలం అది, తల్లులు మోకాటి లోతు బురదలో ఉండే రోజులు. రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు ముందుగా కాలువలూ చెరువులూ ఇళ్లను ఆనుకుని ఉన్న గ్రామాలను ఎంచుకుని, అక్కడి అంగన్‌వాడీల్లో ఏడాది నిండిన పిల్లల్ని కూడా మధ్యాహ్నం దాకా ఉంచుకోవాలి. ఇప్పుడున్న టీచరు, ఆయా మీదే ఆ భారం వేయకుండా అదనంగా ఒకామెను జీతమిచ్చి పెట్టాలి. ఏ గ్రామాల్లో మొదలుపెడతారో, ఎంతమందిని తీసుకుంటారో జూన్‌లో తొలకరి పడేలోగా చెప్పాలి.